సర్వర్ రీస్టార్ట్ చేస్తే తప్ప కొత్త ఆర్డర్లు కనబడకపోవడం: సమాధానం

మీ అమ్మకాల పేజీ మొదట సరైన మొత్తం చూపి, తర్వాత ఎన్ని ఆర్డర్లు వచ్చినా అదే అంకె దగ్గర ఆగిపోతోందని, అదే క్వెరీని (డేటాబేస్‌ను అడిగే ప్రశ్నను) మైఎస్‌క్యూఎల్ వర్క్‌బెంచ్ అనే డేటాబేస్ టూల్‌లో నడిపితే తాజా లెక్క వస్తోందని రాశారు. కాబట్టి తప్పు క్వెరీలో లేదు, మీరు కనెక్షన్‌ను వాడుతున్న తీరులో ఉంది.

మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో డేటాను నిల్వ చేసే ఇన్నోడీబీ ఇంజిన్ డిఫాల్ట్‌గా రిపీటబుల్ రీడ్ స్థాయిలో పనిచేస్తుంది. అంటే ఒక ట్రాన్సాక్షన్‌లో (ఒకే పనిగా లెక్కించే క్వెరీల వరుసలో) మొదటి సెలెక్ట్ (డేటాను చదివే క్వెరీ) నడిచిన క్షణంలో డేటా ఎలా ఉందో, ఆ ట్రాన్సాక్షన్ ముగిసేదాకా మామూలు సెలెక్ట్‌లన్నిటికీ అదే రూపం కనబడుతుంది. మీ పైథాన్ కోడ్ యాప్ మొదలైనప్పుడు తెరిచిన ఒకే కనెక్షన్‌ను అన్ని రిక్వెస్టులకూ వాడుతోంది, పైగా పైథాన్‌ను మైఎస్‌క్యూఎల్‌తో కలిపే కనెక్టర్‌లో ఆటోకమిట్ (ప్రతి క్వెరీ తర్వాత ట్రాన్సాక్షన్‌ను దానంతటదే ముగించే సెట్టింగ్) డిఫాల్ట్‌గా ఆఫ్‌లో ఉంటుంది కనుక, ఉదయం 10 గంటలకు మొదలైన ట్రాన్సాక్షన్ సాయంత్రం దాకా తెరిచే ఉండి, 10 గంటల నాటి 42 ఆర్డర్లనే చూపిస్తుంది. చదవడానికి కమిట్ (ట్రాన్సాక్షన్‌ను ఖరారు చేసి ముగించడం) ఎందుకని అనుకోవడం సహజమే, కానీ పాత రూపాన్ని వదిలించేది ఆ కమిటే.

తక్షణ పరిష్కారంగా కనెక్షన్ తెరిచేటప్పుడు ఆటోకమిట్‌ను ట్రూ చేయండి. అయితే ఒకే కనెక్షన్‌ను అనేక థ్రెడ్లు (ప్రోగ్రామ్‌లో ఏకకాలంలో నడిచే పనులు) పంచుకోవడం ప్రమాదకరం కనుక, కనెక్షన్ పూల్ (తెరిచి ఉంచిన కనెక్షన్ల గుంపు) పెట్టుకుని, ప్రతి రిక్వెస్టుకు ఒకటి తీసుకుని, ఎర్రర్ వచ్చినా తిరిగి పూల్‌లోకి చేరేలా ఫైనల్లీ బ్లాక్‌లో (ఎర్రర్ వచ్చినా రాకున్నా నడిచే కోడ్‌లో) క్లోజ్ చేయడమే సరైన మార్గమని నా అభిప్రాయం.

మరొక మాట: తేదీని ఎఫ్-స్ట్రింగ్‌తో (విలువలను నేరుగా వాక్యంలో చొప్పించే పైథాన్ పద్ధతితో) క్వెరీలో అతికిస్తున్నారు. అది ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్‌కు (ఇన్‌పుట్ ద్వారా క్వెరీలోకి హానికర ఆదేశాలు చొప్పించే దాడికి) తలుపు తెరిచినట్టే. దయచేసి ఈరోజే దానిని పారామీటర్‌గా (క్వెరీ నుంచి వేరుగా పంపే విలువగా) మార్చండి.