అమెరికన్ కుటుంబం జర్మనీకి మారితే రోజువారీ జీవితంలో ఏం తేడా వస్తుంది?

మొదట తగిలేది ఆదివారం. షాపులు దాదాపు అన్నీ మూతే. శనివారం పాలు కొనడం మర్చిపోతే రైల్వే స్టేషన్ కొట్టో, పెట్రోల్ బంకో దిక్కు. ఆదివారం గోడకి డ్రిల్ పెట్టారో, ఆ చప్పుడేంటని పక్కింటాయన తలుపు కొడతాడు!

ఖాళీ ప్లాస్టిక్ బాటిళ్లు ఎవరూ పారేయరు. సూపర్‌మార్కెట్ మెషిన్‌లో వేస్తే చాలావాటికి 25 సెంట్లు వెనక్కొస్తాయి, మనం సోడా సీసా ఇచ్చి డిపాజిట్ తీసుకున్నట్టే.

ఒకటో తరగతి మొదటిరోజు పిల్లల చేతిలో మిఠాయిలు నింపిన పెద్ద అట్ట గొట్టం పెడతారు. కొన్నాళ్లకే వాళ్లు ఒంటరిగా బడికి నడిచిపోతారు. కారులో దింపడం అలవాటైన తల్లికి మాత్రం ప్రాణం గిలగిల్లాడుతుంది.

అసలు తలనొప్పి పన్నులు. అమెరికా పౌరుడు ఎక్కడున్నా, ఆదాయం పరిమితి దాటితే అమెరికాలోనూ పన్ను రిటర్న్ వేయాల్సిందే. విదేశీ ఖాతాల మొత్తం ఏడాదిలో ఒక్కసారి 10,000 డాలర్లు దాటినా ఎఫ్‌బార్ అనే విదేశీ ఖాతాల రిపోర్టు అమెరికా ప్రభుత్వానికి ఇవ్వాలి. జర్మనీలో కట్టిన పన్నుకి క్రెడిట్ ఉంటుంది, అంటే అమెరికా పన్నులో అంత తగ్గిస్తారు కాబట్టి చాలామందికి డబ్బు భారం పెద్దగా పడదు, కాగితాల పనే ఎక్కువ. అన్నట్టు, అమెరికా పౌరసత్వం తీసుకుని హైదరాబాద్ తిరిగొచ్చిన మనవాళ్లకీ ఇదే రూలు.