సంఘం బాధ్యత తీసుకుంటున్న తమ్ముడికి

తమ్ముడూ,

మన మాజీ సైనికుల సంఘం పని ఇక నువ్వు చూసుకుంటావని తెలిసి చాలా సంతోషించాను. క్యాంటీన్ కార్డులు, పెన్షన్ కాగితాలు, ఈసీహెచ్‌ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) వ్యవహారం నీకు తెలిసినవే. నేను రాసేది మనవాళ్ళ ఉద్యోగాల గురించి. వ్యాపారాలు దెబ్బతిని ఎవరూ కొత్తవాళ్ళని తీసుకోని రోజుల్లో ఈ పని ఎలా చెయ్యాలో నాకు తెలిసినంత చెబుతాను.

మనవాళ్ళు 35, 40 ఏళ్ళకే ఇంటికొచ్చేస్తారు. పిల్లలు ఇంకా హైస్కూల్లో ఉంటారు, ఇంటి అప్పు నడుస్తుంటుంది, పెన్షన్ ఒక్కటే సరిపోదు. వచ్చిన నెలకే ఎవరో ఒకరు సెక్యూరిటీలో పెట్టిస్తానంటారు. ఆ ఉద్యోగాన్ని నేను తక్కువ చెయ్యను. డీజీఆర్, అంటే మనవాళ్ళ పునరావాసం చూసే రక్షణశాఖ విభాగం, స్పాన్సర్ చేసిన ఏజెన్సీ అయితే జీతం, పీఎఫ్ పద్ధతిగానే ఉంటాయి. కానీ 2020 లాక్‌డౌన్‌లో మాల్స్, హోటళ్ళు మూతపడితే గేటు దగ్గరి మనుషులు ఎంతమంది ఇంటిదారి పట్టారో మనం చూశాం. 17 ఏళ్ళు ఒక ట్రేడ్‌లో, అంటే సైన్యంలో నేర్పిన ఒక పనిలో, చేసినవాడు దాన్ని వదిలేసి గేటు దగ్గర నిలబడాల్సిన అవసరం లేదు. నీ దగ్గరికి ఎవరొచ్చినా ముందు వాడి ట్రేడ్ గురించి అడుగు.

దీనికి ఓపిక కావాలి. మనవాణ్ణి ఏం చేసేవాడివని అడిగితే "డ్యూటీ చేసేవాణ్ణి సార్" అంటాడు. ఇంటర్వ్యూలోనూ అదే చెప్పి బయటికొస్తాడు. స్టోర్‌కీపర్‌గా చేసిన ఒక హవల్దార్‌ని, డిశ్చార్జ్ బుక్ ముందు పెట్టుకుని కూర్చోబెట్టాను. లెడ్జర్‌లో ఎన్ని ఐటమ్స్ ఉండేవి? స్టాక్‌లో తేడా వస్తే ఏం చేసేవాడివి? ఆడిట్ ఎవరు చేసేవారు? నీ కింద ఎంతమంది? మొదట్లో ఒక్కో మాటా లాగాల్సి వచ్చింది. కాసేపటికి, మంచుకి రోడ్డు మూసుకుపోకముందే చలికాలం మొత్తానికి కావాల్సిన రేషన్, కిరోసిన్ లెక్కగట్టి పై పోస్టులకి ఎలా చేర్చేవారో తనే చెప్పుకుంటూ పోయాడు. అదంతా రెండు పేజీల్లో రాయించాం, ఆర్మీలో వాడే పొట్టి పేర్లు ఒక్కటి కూడా లేకుండా. ఆ కాగితం పట్టుకుని భీమవరం వైపు ఒక రొయ్యల మేత గోడౌన్‌కి వెళితే ఇన్‌చార్జిగా తీసుకున్నారు.

డ్రైవర్లకి, మెకానిక్‌లకి ఇంకో చిక్కు. పని బాగా వచ్చు, బయట చెల్లే కాగితం ఉండదు. సర్వీసులో ఉండగానే హెవీ లైసెన్స్ సివిల్‌లోకి మార్పించుకోమని సెలవులో వచ్చిన ప్రతివాడికీ చెప్పు. డీజీఆర్ రీసెటిల్‌మెంట్ కోర్సులు కూడా ఎక్కువగా సర్వీసు చివర్లో దొరుకుతాయి. జవాన్లకి, జేసీఓలకి (సుబేదార్ లాంటి జూనియర్ ఆఫీసర్లకి) ఫీజు ఉండదు. పేరుకి ఒక సర్టిఫికెట్ ఉంటే చాలని ఏదో ఒక కోర్సులో చేరిపోతారు. అలా కాకుండా, తన ఊరి చుట్టుపక్కల దేనికి గిరాకీ ఉందో చూసి ఎంచుకోమను. ఉద్యోగాలు దొరకని రోజుల్లో ఖాళీగా కూర్చునేకన్నా నేర్చుకోవడం మంచిది.

ఇక ప్రభుత్వ ఉద్యోగాలు. కేంద్రంలో గ్రూప్ సి, అంటే గుమస్తా స్థాయి పోస్టుల్లో 10 శాతం, ప్రభుత్వ బ్యాంకుల్లో, ప్రభుత్వరంగ సంస్థల్లో అదే స్థాయి పోస్టుల్లో 14.5 శాతం మనకి ఉన్నాయి. అయినా చాలాచోట్ల ఆ కోటా నిండదు. వయసైపోయింది, డిగ్రీ లేదు అనుకుని మనవాళ్ళు అప్లికేషనే పెట్టరు. 40 ఏళ్ళవాడికి 17 ఏళ్ళ సర్వీసు తీసేస్తే లెక్కలో 23 ఏళ్ళే, దానిమీద మరో మూడేళ్ళ సడలింపు. పదో తరగతి పాసై 15 ఏళ్ళ సర్వీసు ఉంటే, టెక్నికల్ కాని గ్రూప్ సి పోస్టులకి డిగ్రీతో సమానంగా చూస్తారు. పరీక్షలో దెబ్బ తగిలేది లెక్కల దగ్గర, కంప్యూటర్ దగ్గర. సాయంత్రాలు సంఘం గదిలో నేర్పించు, ఊళ్ళో డిగ్రీ చదివే పిల్లలు సాయం వస్తారు.

ఒక సంగతి మాత్రం మర్చిపోవద్దు. కోటాలో ఒకసారి కేంద్ర ఉద్యోగంలో చేరితే మళ్ళీ ఆ కోటా వర్తించదు. ఇంకా మంచి ఉద్యోగానికి ముందే అప్లై చేసి ఉంటే, చేరిన వెంటనే ఆ దరఖాస్తులన్నీ తేదీలతో సహా రాసి ఆఫీసులో ఇవ్వాలి. అప్పుడు వాటికి హక్కు పోదు. చేరేవాళ్ళందరితో దగ్గరుండి రాయించు, ఒక కాపీ మన ఫైల్లో పెట్టు.

2022లో వచ్చిన అగ్నిపథ్ కింద చేరిన కుర్రాళ్ళ గురించి నాకు ఎక్కువ బెంగ. నాలుగేళ్ళకి నలుగురిలో ఒక్కణ్ణే ఉంచుకుంటారు. మిగతావాళ్ళకి బయటికొచ్చేటప్పుడు సేవా నిధి పేరుతో ఒకేసారి సుమారు 11.71 లక్షలు వస్తుంది, పెన్షన్ ఉండదు. పాతికేళ్ళ కుర్రాడి చేతిలో అంత డబ్బు ఉందంటే, ప్లాట్లని, పార్ట్‌నర్‌షిప్‌లని చుట్టాలే ముందు వస్తారు. ఆరునెలలపాటు ఆ డబ్బు ముట్టుకోవద్దని ఇంట్లోవాళ్ళని కూర్చోబెట్టి చెప్పు. కమ్యుటేషన్ (పెన్షన్‌లో కొంత ముందే ఒకేసారి తీసుకునే డబ్బు), గ్రాట్యుటీ తీసుకుని వచ్చిన పెద్దవాళ్ళకీ ఇదే మాట చెప్పు, భార్య ఎదురుగా చెప్పు. ఇన్నేళ్ళూ ఇంటి ఖర్చు లాక్కొచ్చింది ఆవిడే. ఉద్యోగానికి డిపాజిట్ కట్టమనేవాడు ఎవడైనా సరే, గుమ్మంలోంచే పంపించెయ్యి.

మిల్లుల వాళ్ళ దగ్గరికి, ఫ్యాక్టరీల వాళ్ళ దగ్గరికి నువ్వే వెళ్ళు. ఖాళీలున్నాయా అని అడిగితే లేవనే అంటారు. ఏ పనికి మనిషి దొరక్క ఇబ్బంది పడుతున్నారో అడుగు. జనరేటర్, వేబ్రిడ్జి, రాత్రిపూట లోడింగ్ లెక్కలు, ఇలాంటివి ఏవో ఒకటి బయటపడతాయి. సరైన మనిషి లేకపోతే లేడని చెప్పెయ్యి. పనికిరానివాణ్ణి ఒకసారి పంపామంటే మళ్ళీ మన మాట వినరు.

పేర్ల రిజిస్టరు బీరువా కింది అరలో ఉంది. మొన్న బ్యాంకు పరీక్ష రాసినవాళ్ళ ఫోన్ నంబర్లు చివరి పేజీల్లో రాశాను. రిజల్ట్ రాగానే తప్పినవాళ్ళకి ముందు ఫోన్ చెయ్యి. పాసైనవాళ్ళు ఎలాగూ వాళ్ళే చేస్తారు.

నీ అన్నయ్య,
రిటైర్డ్ సుబేదార్