నీ కథలో 11 సార్లు ‘సెట్’

అమ్మా,

నీ కథ వాట్సాప్‌లో వచ్చిన రాత్రే చదివినా, మళ్ళీ పొద్దున ప్రింట్ తీయించి పెన్ను పట్టుకొని ఇంకోసారి చదివినా, ఫోన్లో చదివితే నాకు వాక్యం నడక తెలీదు అందుకే. ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళు, పెళ్ళికి నగలు కొననీకి వచ్చిన ఇంటిల్లిపాది, బేరం నడస్తాంటే అవ్వ ఓ పక్కకు పోయి అద్దంలో తన బోసి చెవులు చూసుకోవడం... ఆ పేరా జోలికి మాత్రం పోవద్దు, అట్లే ఉండనీ. నేను చెప్పాలనుకునేది ఒక్క మాట గురించే. సెట్. కూర్చొని లెక్కపెట్టినా, నాలుగు పేజీల్లో 11 సార్లు ఉంది. సంబంధం సెట్ అయింది, నెక్లెస్ సెట్ చూపించు, ఈ రంగు దానికి సెట్ కాదు, వాళ్ళత్తతో దానికి సెట్ కాలేదు, రేటు నేను సెట్ చేస్తాలే, మందు వేస్తే అవ్వ మోకాలు సెట్ అయింది, అన్నిటికీ అదే మాట.

ఇంగ్లీషు మాట రాసినావని తిట్టనీకి కాదులే ఈ ఉత్తరం. అది ఎంత పెద్ద సంసారం ఉన్న మాటో నీకు చెప్పాలని. 1989లో 20 సంపుటాలుగా వచ్చిన ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీ రెండో కూర్పులో సెట్ అనే ఒక్క క్రియకే 430 అర్థాలు ఇచ్చినారు, ఆ వివరణే దగ్గర దగ్గర 60,000 పదాలు, అంటే ఒక నవలంత పొడుగు. ఇప్పుడు వాళ్ళు చేస్తున్న సవరణల్లో రన్ అనే క్రియ 645 అర్థాలతో దాన్ని దాటిపోయింది, అది వేరే సంగతి. ఇన్ని అర్థాలకూ మొదలు చానా చిన్నది. సిట్ అంటే కూర్చోవడం, సెట్ అంటే కూర్చోబెట్టడం, అంతే. ఎముకను దాని చోట్లో కూర్చోబెట్టినా సెట్టే, అచ్చు అక్షరాలు పేర్చినా సెట్టే, పొద్దు కుంకినా సెట్టే. గుంపు అనే అర్థమొచ్చే సెట్ మాత్రం వేరే దోవలో వచ్చింది, లాటిన్లో వెంట నడిచేవాళ్ళ గుంపును సెక్టా అనేవాళ్ళు, అది పాత ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చి దీంతో కలిసిపోయింది. మన తెలుగు మీడియం పిల్లోళ్ళు లెక్కల్లో సమితి అని చదువుకునేది ఈ రెండో సెట్టునే. ఎంసెట్‌లో సెట్ ఈ రెండింటికీ ఏమీ కాదు, అది పరీక్ష పేరులోని పొడి అక్షరాలు.

ఉంగరంలో రాయిని కూర్చోబెట్టడాన్ని కూడా ఇంగ్లీషులో సెట్ చేయడమే అంటారు. మనం దాన్ని పొదగడం అంటాం కదా. కోడి గుడ్ల మీద కూర్చుంటే మనకు అదీ పొదగడమే, ఇంగ్లీషులో కోడిని అట్లా కూర్చోబెట్టడాన్ని కూడా సెట్ చేయడమే అంటారు! ఎక్కడి భాష, ఎక్కడి భాష, రాయికీ కోడికీ రెండుచోట్లా ఒకే మాట. ఇది తెలిసిన రోజు నాకు ఎంత సంతోషమయ్యిందో చెప్పలేను. నీ కథ జరిగేదే బంగారు అంగట్లో, రాళ్ళ కమ్మలు చేతిలో పట్టుకొని చూస్తాంటారు, అయినా పొదిగిన అనే మాట నాలుగు పేజీల్లో ఒక్కసారి కూడా లేదు. నాకు బాధయిందంటే అందుకే అయింది.

ఇంగ్లీషు సెట్ చేసే పని మన దగ్గర చాలా వరకు పెట్టు చేస్తుంది, చూసుకో. ముహూర్తం పెట్టు, అలారం పెట్టు, నిప్పు పెట్టు, ఉచ్చు పెట్టు, షరతు పెట్టు. అయితే మనోళ్ళు “నాకు సెట్ కాదు” అంటారే, నచ్చదు, కుదరదు, ఇమడలేను అని అన్నీ కలిపి, ఆ వాడుక ఇంగ్లీషులో లేదు. ఇంగ్లీషోళ్ళ ముందర అట్లా అంటే వాళ్ళకు అర్థం కాదు. అది మనం చేసుకున్న మాట, మన మాటే. కాబట్టి దాన్ని వాడొద్దు అనను, యవరి నోట్లో పెడుతున్నావో చూసుకొని పెట్టు అంటున్నా.

మా నాయన చేను కాడ మోటరునూ పంపునూ కలిపి సెట్టు అనేవాడు. “సెట్టు కాలిపాయరా” అంటే ఆ మాటలో పంట, అప్పు, రాత్రంతా కరెంటు కోసం కాపు కాయడం, అన్నీ వినపడేవి. నా తొలి కథ ఆ రాత్రి గురించే రాసినా. ఒక పత్రిక వాళ్ళు వేసుకున్నారు కానీ సెట్టు తీసేసి జలయంత్రం అని మార్చినారు, నన్ను ఒక మాట అడగలేదు. నాయన చదివించుకొని విని, “ఇది మన సెట్టు కాదే” అన్నాడు. ఆ మాట నలభై ఏళ్ళయినా నాకు మానలేదు. అందుకే చెప్తాండా, నీ కథలో నెక్లెస్ సెట్టును కంఠాభరణ సముదాయం చేయమని యవరన్నా అంటే వినొద్దు.

మా ఇంటికి మిద్దె వేసినప్పుడు బేల్దారి అరచేయి ఆనించి చూసి “సెట్టయింది సార్, మడి కట్టి నీళ్ళు నిలబెట్టండి” అన్నాడు. అతను చెప్పిన సెట్టుకు గట్టి లెక్కుంది. మామూలు సిమెంటు నీళ్ళు కలిపినాక 30 నిమిషాల లోపల పట్టుకోవడం మొదలుపెట్టకూడదు, 10 గంటలు దాటకుండా బిగిసిపోవాల, దాని బలం మాత్రం 28 రోజులకు కొలుస్తారు. బిగవడం వేరు, బలపడడం వేరు అని అతనికి తెలుసు, ఆ తేడా తెలిసి అన్నాడు కాబట్టి అతని నోట్లో ఆ మాట బరువుగా ఉంది. అదే సాయంత్రం అదే ఇంట్లో మా అమ్మ గిన్నె మూత తీసి “ఇంకా తోడుకోలేదు” అనింది, చలికి నెయ్యి పేరుకునింది అనింది. పాలకు ఒకటి, నేతికి ఒకటి. ఇంగ్లీషులో అయితే సిమెంటుకూ పెరుగుకూ ఒకటే సెట్.

ఇప్పుడు నీ 11 చూద్దాం. పెళ్ళికొడుకు ఫ్రెండు “మామా సెట్ అయిందిరా” అన్నది అట్లే ఉంచు, వానికి అదే భాష. దళారి “రేటు నేను సెట్ చేస్తాలే” కూడా ఉంచు, అందులో వాని కమీషన్ కనపడతాంది. కానీ అవ్వ సంబంధం సెట్ అయింది అనదు, కుదిరింది అంటుంది. ఆ రంగు పిల్లకు నప్పదు అంటుంది. అత్తాకోడళ్ళ దగ్గర నువ్వు నిదానంగా ఆలోచించాల, ఎందుకంటే పడదు అంటే రోజూ కొట్లాట ఉన్నట్టు, పొసగదు అంటే నోరు తెరవకుండానే దూరమైనట్టు, నీ కథలో కోడలు గలాటా చేయలేదు, మాట్లాడడం మానేసింది. ఆ ఒక్క మాట మారితే ఆమె మొత్తం మారిపోతుంది. మోకాలు కుదుటపడింది అని రాయి, లేదా నొప్పి తగ్గింది అని నేరుగా రాసెయ్.

ఈసారి కడపకొస్తే బ్రౌన్ గ్రంథాలయానికి పోదాం. తెలుగు నిఘంటువు రాసిన ఇంగ్లీషు దొర సి.పి.బ్రౌన్ పేరు మీద ఉండేది అది. ఆయన 1820లో ఉద్యోగానికి ఇక్కడికొచ్చి, బంగళా కొని, పండితులకు జీతాలిచ్చి తెలుగు తాళపత్రాలకు సాపు ప్రతులు రాయించినాడు. ఆ బంగళా ఉన్న చోటే గ్రంథాలయం. తెలుగులో కలిసిపోయిన పరాయి మాటలకోసమే విడిగా ఒక మిశ్రభాషా నిఘంటువు 1854లో అచ్చేసినాడాయన, అంటే ఇట్లాంటి మాటల్ని పక్కకు నెట్టకుండా ఏరుకొని అర్థం రాసి పెట్టినాడు. దర్ఖాస్తు, కచేరి, తయారు, ఖాళీ అని మనం రోజూ అనేవి కూడా ఒకప్పుడు బయటినుంచి వచ్చినవే కదా.

కథ మళ్ళీ పంపేముందు మీ అవ్వనొక మాట అడుగు. చెవికి కమ్మ సరిగ్గా కూర్చోకుండా కిందికి జారతాంటే మీ పక్క ఏమంటారో. మా పక్క వేలాడుతాంది అంటాం, అది సరిపోదనిపిస్తాంది. అవ్వ ఏమన్నా అదే రాయి.

మీ సార్