ఉబ్బరం వేరు, కొవ్వు వేరు

ప్రశ్న: వయసు 43, ఎత్తు 158 సెంటీమీటర్లు, బరువు 74 కిలోలు. తిన్న గంటకే పొట్ట ఉబ్బుతుంది. ఐదేళ్లుగా పరగడుపున గ్యాస్ మాత్ర వేసుకుంటున్నాను. ఈమధ్య రక్తపరీక్షలో సీఆర్‌పీ (ఒంట్లో వాపును చూపే ప్రొటీన్) 4.8 వచ్చింది. పేగుల్లో వాపు వల్లే లావయ్యానని, మూడు నెలలు ప్రోబయోటిక్ (మేలుచేసే బ్యాక్టీరియా ఉండే) పొడి తాగితే తగ్గుతానని తెలిసినవాళ్లు చెబుతున్నారు. కొనమంటారా?
- ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: పొడి సంగతి తర్వాత, ముందు టేపు తీయండి. పొద్దున కాలకృత్యాలయ్యాక, చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ నడుమ చుట్టుకొలత చూడండి. రాత్రి భోంచేశాక మళ్లీ అక్కడే. వారం రాసిపెట్టండి. రాత్రికి పెరిగి తెల్లారేసరికి దిగిపోయేది గాలి, తిండి. కొవ్వు రాత్రికి రాత్రి పోదు. పొద్దుటి కొలతే 80 సెంటీమీటర్లు దాటితే అది కొవ్వు లెక్కే (మగవాళ్లకు హద్దు 90).

ఇక వాపు. ఇది చెయ్యి బెణికితే వచ్చేలాంటిది కాదు, పైకి కనిపించదు. పొట్ట లోపలి కొవ్వు కణాలు నిండిపోయేకొద్దీ రోగనిరోధక కణాలు అక్కడ చేరి కొన్ని రసాయనాలు వదులుతాయి. వాటి వల్ల కాలేయం సీఆర్‌పీ ఎక్కువగా తయారుచేస్తుంది, ఇన్సులిన్ పని మందగిస్తుంది. అంటే మీకు చెప్పింది చాలావరకు తిరగేసిన మాట. బరువులో 5 శాతం, మీకైతే మూడున్నర కిలోలు పైచిలుకు తగ్గితే సీఆర్‌పీ కూడా సాధారణంగా దిగుతుంది. జలుబు చేసినా, చిగుళ్లు వాచినా అది పెరుగుతుంది కాబట్టి ఒంట్లో బాగున్నప్పుడు, రెండు వారాలాగి మళ్లీ చేయించండి. థైరాయిడ్ కూడా చూపించుకోండి.

పేగుల పాత్ర లేదా అంటే, ఉంది. లావు ఎలుకల పేగు బ్యాక్టీరియాను సూక్ష్మజీవులే లేని ఎలుకల్లోకి ఎక్కిస్తే వాటికి కొవ్వు ఎక్కువ పెరిగిందని 2006లో అమెరికాలో చూపించారు. మనుషుల్లో అంత తేలిగ్గా కుదరలేదు. పొడులతో తగ్గే బరువు, తగ్గినా, బహు స్వల్పం. కొనక్కర్లేదు.

ఆ బ్యాక్టీరియాకు కావలసింది పీచు. పీచును పులియబెట్టి అవి తయారుచేసే బ్యుటిరేట్ అనే ఆమ్లం పెద్దపేగు గోడకు ఆహారం. ఇలా పుట్టే ఆమ్లాలు కడుపు నిండిందని చెప్పే హార్మోన్లనూ కదిలిస్తాయి. వంద గ్రాముల బియ్యంలో పీచు 3 గ్రాముల లోపే, రాగుల్లో 11. మన సంగటి ఉండగా ఓట్స్ వెతుక్కోవడమెందుకు? ఒక గ్లాసు నూకకు రెండు గ్లాసుల రాగిపిండి చాలామంది వేసే కొలతే. అయితే కేలరీల్లో రాగులు బియ్యానికి పెద్దగా తీసిపోవు. అన్నం మానకుండా పైన సంగటి చేర్చినా, ముద్ద మీద నెయ్యి, పక్కన గిన్నెడు వేరుశనగ ఊరుబిండి పెట్టుకున్నా బరువు పెరుగుతుంది. గుప్పెడు వేరుశనగలంటేనే 170 కేలరీలు.

చాలామంది బోల్తాపడేది ఇంకోచోట. సోమవారం నుంచి ఉలవలు, అనపగింజలు, సంగటి అన్నీ ఒకేసారి మొదలుపెడతారు. బుధవారానికి పొట్ట డప్పులా మోగుతుంది, మానేస్తారు. వారానికి ఒక్కటే మార్చండి: మొదటి వారం ఒక పూట అన్నం బదులు చిన్న ముద్ద, రెండో వారం అరకప్పు గోరుచిక్కుడు కూర, మూడో వారం ఉలవలు. ఉలవలు పది పన్నెండు గంటలు నానేసి, ఆ నీళ్లు పారబోసి, మెత్తగా ఉడికించాలి. నీళ్లు తక్కువ తాగితే ఇదే పీచు మలబద్ధకం తెస్తుంది.

పదిరోజులు పాలు, పాల కాఫీ ఆపి చూడండి. ఉబ్బరం తగ్గితే పాలు పడటం లేదన్నమాట. పెరుగు చాలామందికి పడుతుంది. మజ్జిగలో తాలింపు ఆరాక కలపండి. పులుసులా కాచితే మేలుచేసే బ్యాక్టీరియా చచ్చిపోతుంది.

ఐదేళ్ల గ్యాస్ మాత్ర కూడా పేగు బ్యాక్టీరియాను మారుస్తుంది. అలాగని రేపే ఆపకండి, యాసిడ్ ఎదురుతిరిగి మంట పెరగొచ్చు. అది ఇంకా అవసరమా అని డాక్టర్‌ను అడిగి, మెల్లగా తగ్గించుకోవాలి.

ఏడాదికోసారి అలిపిరి నుంచి 3,550 మెట్లెక్కి మోకాళ్లు పట్టుకోవడం కంటే రోజూ 40 నిమిషాల నడక నయం. మలంలో రక్తం పడినా, నల్లగా వచ్చినా, రాత్రిళ్లు విరేచనానికి లేవాల్సి వచ్చినా, ప్రయత్నం లేకుండానే బరువు తగ్గుతున్నా, ఈ సంగటి లెక్కలన్నీ పక్కనపెట్టి ముందు గ్యాస్ట్రో డాక్టర్‌కు చూపించుకోండి.