మేనకోడలికి, కొండకీ గోదారికీ పట్టుకెళ్ళే చాకు గురించి

అమ్మలూ,

డిసెంబర్‌లో ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ ట్రెక్‌కి వెళ్తున్నావనీ, దానికి ముందు ఆఫీసు స్నేహితులతో గోదావరి మీద రెండు రోజులు తిరిగొస్తారనీ, "మావయ్యా, మంచి చాకు ఏది కొనాలో చెప్పు, ఆన్‌లైన్‌లో వందల రకాలున్నాయి" అనీ మెసేజ్ పెట్టావు. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావు, అందుకే రాస్తున్నాను. తీరిగ్గా చదువు.

ముందు అసలు సంగతి. ఏది కొన్నా సరే, ఈ వారమే కొను. బయల్దేరే ముందు రోజు కొరియర్‌లో వచ్చి, ప్యాకింగ్ విప్పి నేరుగా బ్యాగులో పడే చాకు మాత్రం వద్దు. వెళ్ళేలోపు అది నీ వంటింట్లో తిరగాలి. ఉల్లిపాయలు దాంతోనే తరుగు, జామకాయ దాంతోనే కొయ్యి, అట్టపెట్టెలు దాంతోనే విప్పు, ఒక నైలాన్ తాడు ముక్క తెచ్చి కోసి చూడు. ఎంత నొక్కితే తెగుతోంది, ఎక్కడ జారుతోంది, పిడి ఎలా పట్టుకుంటే పట్టు చిక్కుతోంది, దేని మీద వాడితే తొందరగా మొద్దుబారుతోంది, ఇవన్నీ నీ చేతికి తెలియాలి. చేతులు తడుపుకుని తెరిచి చూడు, లైటు ఆర్పేసి మూసి చూడు. నమ్మకం ఇలా వాడగా వాడగా కుదరాల్సిందే, కంపెనీ పేరు చూసి కుదరదు. టెంటులో చీకట్లో, చలికి వేళ్ళు కొంకర్లు పోతున్నప్పుడు, దీని తాళం ఎటు తిప్పాలిరా అని వెతుక్కునే పరిస్థితి నీకు రాకూడదు.

ఇక ఏది కొనాలంటే, నా లెక్కలో నీకు కావలసింది చిన్నదే. బ్లేడు ఆరేడు సెంటీమీటర్లుంటే ట్రెక్కులో వచ్చే పనుల్లో దాదాపు అన్నీ అయిపోతాయి. వీడియోల్లో చూపించే జానెడు కత్తి, పళ్ళున్న వీపు, పిడిలో దిక్సూచి, అదంతా బరువు తప్ప ఏమీ లేదు. మూరెడు కత్తితో దుంగలు చీల్చే పని నీకు అక్కడ రాదు. వచ్చే పనులు ఎలాంటివంటే, తాడు కోయడం, బ్యాండేజీ, ప్లాస్టర్ కత్తిరించడం, పాకెట్లు విప్పడం, పళ్ళు కోయడం, కాల్లో ముల్లు తీయడం, తెగిన బ్యాగు పట్టీకి కన్నం పెట్టి కట్టుకోవడం.

నా దగ్గరున్నది ఎర్ర పిడి స్విస్ చాకు, విక్టోరినాక్స్ వాళ్ళది, మూస్తే 91 మిల్లీమీటర్లుండే రకం. స్విట్జర్లాండ్‌లో ఈబాక్ అనే ఊళ్ళో కార్ల్ ఎల్సెనర్ 1884లో పెట్టిన కార్ఖానా అది. ఇప్పుడు అందరి చేతుల్లో కనిపించే ఎర్ర చాకుకి మూలమైన ఆఫీసర్ చాకు 1897లో వచ్చింది. ఇన్నేళ్ళుగా ఆ పొందిక పెద్దగా మారలేదంటే అది పనికొస్తోందనే అర్థం. పెద్ద బ్లేడు, చిన్న బ్లేడు, కత్తెర, డబ్బా మూత తీసేది, కన్నం పెట్టే సూది, పిడి చివర్లో చిమటా ఉన్నది చూసుకో, చాలు. కత్తెర ఉన్నది తీసుకోమని గట్టిగా చెబుతున్నాను, బొబ్బ మీద వేసే ప్లాస్టర్ గుండ్రంగా కత్తిరించాలంటే బ్లేడుతో నరకయాతన. కొనే ముందు ఒక్కటి గుర్తుపెట్టుకో, ఈ రకంలో బ్లేడుకి తాళం ఉండదు. స్ప్రింగు బిగువే ఆపుతుంది. మొనతో పొడిచినా, వీపు మీద బలం పడినా టక్కున మూసుకుని వేళ్ళ మీద పడుతుంది. కాబట్టి దాంతో కోయడమే, పొడవడం, తవ్వడం, మెలితిప్పడం ఉండకూడదు.

తాళం కావాలంటే ఒపినెల్ ఉంది. ఫ్రాన్స్‌లో ఆల్ప్స్ కొండల వైపు సవోయ్ ప్రాంతంలో జోసెఫ్ ఒపినెల్ 1890లో మొదలుపెట్టిన చాకు. 1955 నుంచి మెడ దగ్గర తిరిగే ఉంగరం వస్తోంది, అది తిప్పితే బ్లేడు కదలదు. ఎనిమిదో నంబరు బ్లేడు ఎనిమిదిన్నర సెంటీమీటర్లుంటుంది, తేలిగ్గా ఉంటుంది, కూరగాయలు కోస్తుంటే ఆ సుఖమే వేరు. కానీ పిడి చెక్కది. నీళ్ళలో నానితే ఉబ్బి బ్లేడు బిగుసుకుపోతుంది, తెరవడానికి నానా తంటాలూ పడాలి. కొండకి బాగుంటుంది, పడవకి వద్దు. ఇందులో తుప్పు పట్టే కార్బన్ ఉక్కు రకమూ ఉంది, స్టెయిన్‌లెస్ రకమూ ఉంది, తీసుకుంటే స్టెయిన్‌లెస్సే తీసుకో. బటన్ నొక్కితే ఎగిరొచ్చే కత్తుల జోలికి మాత్రం పోకు. ఎక్కడ చెకింగ్ జరిగినా ముందు దాని గురించే అడుగుతారు.

పడవ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, అక్కడ చాకు పని వేరు.

పోచవరం నుంచి గానీ గండిపోచమ్మ దగ్గర్నుంచి గానీ పాపికొండలు వెళ్ళే పెద్ద లాంచీ అయితే నీ చాకుతో పనేం పడదు, జామకాయలు కోసుకుంటారు, అంతే. అక్కడ ముఖ్యం లైఫ్ జాకెట్. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర లాంచీ మునిగిన సంగతి ఎప్పటికీ మర్చిపోవద్దు. జాకెట్ సీటు మీద పరుచుకుని కూర్చోకు, వేసుకుని బకిల్స్ అన్నీ బిగించు, నీ స్నేహితుల చేతా బిగింపించు, ఉక్కగా ఉందని ఎవరు విసుక్కున్నా వదలకు. చాకు ఆలోచన దాని తర్వాతే.

నాటు పడవైనా, మీరే తెడ్లు వేసుకునే కయాక్ అయినా లెక్క మారుతుంది. అక్కడ తాళ్ళుంటాయి, వలలుంటాయి, అవి కాళ్ళకీ మోటారుకీ చుట్టుకుంటాయి. ఒకసారి యానాం దగ్గర గౌతమి పాయలో మేం వెళ్తున్న పడవ మోటారు ఉన్నట్టుండి కీచుమని ఆగిపోయింది. నీళ్ళలో కొట్టుకొస్తున్న పాత నైలాన్ వల ముక్క ఫ్యానుకి చుట్టుకుంది. పడవ అడ్డం తిరిగి ప్రవాహంలో పోతోంది, ఒకతను గెడ వేసి ఆపుతున్నాడు. మోటారు నడిపే అతను ముందు ఇంజను పూర్తిగా ఆపేశాడు, ఇరుసు పైకెత్తాడు, చాకుందా అన్నాడు. ఇచ్చాను. వల చుట్లు ఇరుసు మీద గట్టిగా బిగుసుకుపోయి, వేడికి కరిగి అతుక్కుపోయి ఉన్నాయి. అతను ఒక్కో పోగూ లాగుతూ కూర్చోలేదు. ఇరుసు వెంబడే పొడవుగా ఒకే గీత మీద బ్లేడు ఆడిస్తూ కోసుకుంటూ వచ్చాడు. నాలుగైదు సార్లు ఆడించేసరికి చుట్లన్నీ తెగి తొక్కలా విడిపోయాయి. మధ్యలో తడి చేతిలోంచి చాకు జారింది కూడా. పిడి కొసనున్న తాడు పడవ బల్లకి కట్టి ఉంది కాబట్టి జానెడు కిందకి వేలాడి ఆగింది.

అందుకే చెబుతున్నాను, నీళ్ళ మీద ఉన్నంతసేపూ చాకుకి తాడు ఉండాలి, ఆ తాడు దేనికో ఒకదానికి కట్టి ఉండాలి. ఇనుము తేలదు. ఎర్రదో, నారింజ రంగుదో తాడు వెయ్యి, కనిపిస్తుంది. మెడలో మాత్రం వేసుకోకు, ఏ కొమ్మకో తగులుకుంటే గొంతుకి చుట్టుకుంటుంది. ప్యాంటు జేబులోనూ పెట్టుకోకు, తడిసిన బట్టకింద, జాకెట్ కింద ఉన్న చాకుని నీళ్ళలో పడ్డాక బయటికి తీయలేవు. లైఫ్ జాకెట్‌కి జిప్పున్న జేబుంటే అందులో పెట్టు.

ఇంకో సంగతి, గోటితో పట్టి లాగి తెరిచే చాకు తడి చేతులతో తెరుచుకోవడం కష్టం. నీకు కయాకింగ్ బాగా నచ్చి తరచూ వెళ్తానంటే, దానికోసం వేరేగా మడత లేనిది, ఒరలో ఉండేది, మొన మొండిగా ఉండి సగం అంచుకి రంపపు పళ్ళున్నది కొనుక్కో. తడి తాడు మీద నున్నటి అంచు జారుతుంది, పళ్ళ అంచు పట్టి కోస్తుంది. మొన మొండిగా ఎందుకంటే, ఊగే పడవలో ఎవరికీ గుచ్చుకోకుండా. గాలి ఊదిన రాఫ్ట్ ఎక్కితే నీ చాకు బయటికే తీయకు, అక్కడ కోయాల్సి వస్తే గైడే కోస్తాడు.

నైలాన్ తాడు కోశాక కొసలు లైటరుతో కాస్త కరిగించు, లేకపోతే పోగులు విడిపోతూనే ఉంటాయి. కరిగిన కొస వేలితో నొక్కకు, చుర్రుమని అంటుకుంటుంది.

ఇక ప్రయాణం. విమానంలో డెహ్రాడూన్ వెళ్తున్నావు కదా, చాకు చెక్-ఇన్ బ్యాగులోనే వెయ్యాలి. చేతి సంచీలో ఉంటే సెక్యూరిటీ దగ్గర తీసి పక్కన పడేస్తారు, మళ్ళీ రాదు. చేతి సంచీ ఒక్కటే తీసుకెళ్తుంటే చాకు ఇంట్లో వదిలేసి వెళ్ళు. మెట్రో చెకింగ్‌లో కూడా ఆపుతారు, మెట్రో ఎక్కకుండా ఆటోలోనే పో.

చట్టం సంగతి చాలామందికి తెలియదు, నువ్వు తెలుసుకో. ఆయుధాల నియమాల్లో తొమ్మిది అంగుళాల కంటే పొడవు గానీ రెండంగుళాల కంటే వెడల్పు గానీ ఉన్న కత్తులకి ఆంక్షలున్నాయి, వంటకీ వ్యవసాయానికీ వాడేవి మినహా. నీ చాకు ఆ దరిదాపుల్లోకి రాదు. కానీ అడవి లెక్క వేరు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 31వ సెక్షన్ ప్రకారం రాతపూర్వక అనుమతి లేకుండా అభయారణ్యంలోకి ఆయుధంతో వెళ్ళకూడదు, ఆ చట్టం ఆయుధాల కింద చెప్పిన వాటిలో కత్తులూ ఉన్నాయి. కేదార్‌కంఠ గోవింద్ అభయారణ్యంలోకి వస్తుంది, పాపికొండలు నేషనల్ పార్కు, మన తలకోన, నల్లమల కూడా అంతే. కాబట్టి ట్రెక్ నడిపేవాళ్ళకి ఇప్పుడే ఫోన్ చేసి నా దగ్గర ఇంత చాకు ఉంది, తెచ్చుకోవచ్చా అని అడుగు. చెక్‌పోస్టు దగ్గర అడిగితే తీసి చూపించు. ఇక్కడ వదిలి వెళ్ళమంటే వదిలెయ్యి, వాదించకు. గైడు దగ్గర ఎలాగూ ఒకటుంటుంది.

కొండ మీద రెండు మూడు జాగ్రత్తలు. కేదార్‌కంఠ శిఖరం 12,500 అడుగులు, డిసెంబర్‌లో మంచుంటుంది, గ్లౌజులతో చాకు పట్టుకోకు, జారుతుంది. గ్లౌజు తీసి పని కానిచ్చి వెంటనే వేసుకో. గడ్డకట్టిన చాక్లెట్‌నీ వెన్నముద్దనీ మొనతో పొడిచి విరగ్గొట్టే ప్రయత్నం చెయ్యకు, ఇలాంటి పనుల్లో చెయ్యి తేలిగ్గా తెగుతుంది. ఒడిలో పెట్టుకుని ఏదీ కొయ్యకు, తొడ లోపలి వైపు పెద్ద రక్తనాళం ఉంది. రాయి మీదో, డబ్బా మూత మీదో పెట్టుకుని, పక్కన చెయ్యి చాచినంత దూరంలో ఎవరూ లేకుండా చూసుకుని, బ్లేడు నీ నుంచి అవతలికి పోయేట్టు కొయ్యి. ఎవరికైనా ఇచ్చేటప్పుడు మూసి ఇవ్వు. ఉప్పు చేతికివ్వకూడదని అమ్మమ్మ కింద పెట్టేది చూశావుగా, చాకు కూడా అలాగే మూసి కింద పెట్టు, వాళ్ళు తీసుకుంటారు.

బూటు అడుగు ఊడిపోవడం ట్రెక్కుల్లో మామూలే, ముఖ్యంగా ఏళ్ళ తరబడి అలమరలో ఉన్న బూట్లకి. అప్పుడు సన్న తాడు రెండు ముక్కలు కోసి, ముందు వేళ్ళ దగ్గరొకటి, మధ్యలో ఒకటి, అడుగు చుట్టూ వేసి పైన ముడి వెయ్యాలి. అడుగున గాడి ఉన్నచోట తాడు కూర్చునేట్టు చూడు, లేకపోతే పది అడుగులకే అరిగి తెగుతుంది. కాబట్టి చాకుతో పాటు ఐదారు మీటర్ల సన్న తాడు కూడా పెట్టుకో. తాడు లేని చాకు సగం పనికే వస్తుంది.

ఇప్పుడు చెప్పేది మాత్రం ప్రాణం మీద మాట, మీ బృందంలో అందరికీ చెప్పు. పాము కరిస్తే చాకు తీయొద్దు. కరిచిన చోట కోసి రక్తం పీల్చేయాలనే మాట మన ఊళ్ళల్లో ఇంకా వింటూనే ఉంటాం. అది తప్పు, కోస్తే విషం బయటికి రాదు, గాయం పెద్దదవుతుంది, రక్తపింజర కాటయితే రక్తం గడ్డకట్టకుండా కారుతూనే ఉంటుంది. గట్టిగా తాడూ కట్టొద్దు. ఉంగరాలు, గాజులు తీసెయ్యాలి, ఆ కాలో చెయ్యో కదలకుండా చూడాలి, నడిపించకుండా మోసుకుని వీలైనంత తొందరగా విషానికి విరుగుడు సూది ఉన్న ఆసుపత్రికి చేర్చాలి. 108కి ఫోన్ చెయ్యండి. వర్షాకాలంలో కూర్గ్ వైపు వెళ్ళినప్పుడు జలగలు పట్టినా చాకుతో గీకొద్దు, నోరు అంటుకున్న చోట గోరు పక్కగా జరిపితే ఊడిపోతుంది.

పదును గురించి. మొద్దు చాకే ప్రమాదం, ఎక్కువ బలం పెట్టి నొక్కుతావు, జారిందంటే అంత బలంతోనూ చేతిలో దిగుతుంది. సాన రాయి లేకపోతే ఆవకాయ జాడీ బోర్లించు, అడుగున పూత లేని గరుకు అంచు ఉంటుంది, అదే రాయి. తడి చేసి, బ్లేడుని పదిహేను నుంచి ఇరవై డిగ్రీల వాలులో పెట్టి, అంటే దాదాపు పడుకోబెట్టి కొంచెం లేపినట్టు, సన్న పొర కోస్తున్నట్టుగా అంచు ముందుకి పోయేలా తొయ్యి. ఒకవైపు పదిసార్లు, రెండోవైపు పదిసార్లు. వాలు మారకూడదు, అదొక్కటే ఇందులో విద్య. తర్వాత పాత తోలు బెల్టు మీద వీపు ముందుండేట్టు వెనక్కి లాగు. మెత్తటి టమాటా తొక్క మీద బరువు పెట్టకుండా లాగితే తెగిందంటే పదును ఎక్కినట్టే.

ట్రిప్ నుంచి వచ్చాక మంచినీళ్ళతో కడుగు. యానాం, కోరంగి, పులికాట్ లాంటి ఉప్పునీళ్ళకి వెళ్ళొస్తే అదే రోజు కడుగు, స్టెయిన్‌లెస్ కూడా ఉప్పుకి మచ్చలు పడుతుంది. కీలు దగ్గర గుడ్డతో తుడిచి, తెరిచిపెట్టి ఆరనిచ్చి, ఒక్క చుక్క కుట్టుమిషన్ నూనె వెయ్యి. కొబ్బరినూనె, వంటనూనె వద్దు, కొన్నాళ్ళకి జిగురు కట్టి దుమ్ము పట్టేస్తుంది.

ఆదివారం ఖాళీ చేసుకుని రా, పదును పెట్టడం చూపిస్తాను, రాసి చెబితే చేతికి రాదు. ఈలోపు చాకు కొనేసి ఫోటో పెట్టు, ట్రెక్ వాళ్ళు ఏమన్నారో కూడా చెప్పు. వాళ్ళు వద్దంటే గోదారికి మాత్రమే పట్టుకెళ్దువు గాని.

ఉంటాను,
మావయ్య