ట్రేడ్ చేస్తే మా వాడి ఆట ముగిసినట్టేనా?

ప్రశ్న: మేం టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. నాది హెచ్-1బీ, పిల్లలది హెచ్-4. మా అబ్బాయి పన్నెండో గ్రేడు, బేస్‌బాల్ పిచర్ (బంతి విసిరేవాడు). డ్రాఫ్ట్‌లో (మేజర్ లీగ్ టీమ్‌లు కొత్త కుర్రాళ్లను వంతులవారీగా ఎంచుకునే పద్ధతి) ఎవరైనా తీసుకోవచ్చని స్కౌట్లు అంటున్నారు. మేజర్ లీగ్‌కు కింది మెట్టయిన మైనర్ లీగ్‌లో ఒకటి రెండేళ్లు ఆడించి వేరే టీమ్‌కు ఇచ్చేస్తారట (ట్రేడ్). అలా జరిగితే వాడి పని అయిపోయినట్టేనా? కాలేజీకి పంపడమే మేలా?

జవాబు: టీమ్ వద్దనుకుంటే చేసేది ‘రిలీజ్’. భయపడాల్సింది దానికి. ట్రేడ్ జరిగిందంటే మీ వాణ్ని అవతలి టీమ్ అడిగి తీసుకున్నట్టు.

జాన్ స్మోల్ట్జ్ సంగతే చూడండి. మిషిగన్ కుర్రాడు. 1985లో సొంత రాష్ట్రపు టీమ్ డెట్రాయిట్ టైగర్స్ 22వ రౌండ్‌లో తీసుకుంది. (ఇప్పుడు డ్రాఫ్టే 20 రౌండ్లు.) మరుసటేడు టైగర్స్‌వారి మైనర్ లీగ్ టీమ్ లేక్‌లాండ్‌లో ఫర్వాలేదనిపించాడు. 1987లో డబుల్-ఎ (మైనర్ లీగ్‌లో సింగిల్-ఎకు పైన, ట్రిపుల్-ఎకు కింద) టీమ్ గ్లెన్స్ ఫాల్స్‌లో మాత్రం 4 గెలుపులు, 10 ఓటములు, ఈఆర్ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున ఇచ్చిన పరుగులు, తక్కువైతే మేలు) 5.68. స్ట్రైకౌట్లు (బ్యాటర్‌ను ఔట్ చేసినవి) ఎన్నో వాక్‌లూ (గురి తప్పి బ్యాటర్‌కు ఉచితంగా బేస్ ఇచ్చినవి) అన్నే: 86. బంతి మీద అదుపు చిక్కలేదన్నమాట. ఆ ఆగస్టులోనే టైగర్స్ అతణ్ని అట్లాంటా బ్రేవ్స్‌కు ఇచ్చి, 36 ఏళ్ల డోయల్ అలెగ్జాండర్‌ను తెచ్చుకుంది. అలెగ్జాండర్ ఓటమి లేకుండా 9 మ్యాచ్‌లు గెలిచి డివిజన్ టైటిల్ అందించాడు. ఆ ఏడాది వరకూ టైగర్స్ లెక్క తప్పలేదు. స్మోల్ట్జ్ 1988 జులైకల్లా మేజర్ లీగ్‌లో ఉన్నాడు, 2015లో హాల్ ఆఫ్ ఫేమ్‌కు చేరాడు. ఇలాంటివాళ్లు అరుదు లెండి. మైనర్ లీగ్‌లో చేరిన వాళ్లలో ఎక్కువమంది మేజర్ లీగ్ గడప తొక్కరు.

అందుకే డబ్బు లెక్క ముందే చూసుకోండి. 2023 ఒప్పందం ప్రకారం కనీస జీతం ఏడాదికి సింగిల్-ఎలో 26,200 డాలర్లు, డబుల్-ఎలో 30,250, ట్రిపుల్-ఎలో 35,800. ఫ్రిస్కోలో మీరు కట్టే ఇంటి అద్దెకు కూడా బొటాబొటీ. అసలు డబ్బంతా సైనింగ్ బోనస్‌లోనే. దాంతోపాటు కాలేజీ ఫీజుల హామీని కాంట్రాక్టులో రాయించండి. ఆట మానేశాక రెండేళ్లలోపు చదువు మొదలుపెట్టకపోతే ఆ హామీ పోతుంది. చాలామంది పోగొట్టుకునేది ఇక్కడే.

కాలేజీ వైపు వెళ్తే, నాలుగేళ్ల కాలేజీలో చేరినవాడికి మూడేళ్లు పూర్తయ్యాకో 21 నిండాకో గానీ మళ్లీ డ్రాఫ్ట్ అవకాశం రాదు. రెండేళ్ల జూనియర్ కాలేజీలో ఆ నిరీక్షణ లేదు. బోనస్ పెద్దది కాకపోతే నేను కాలేజీకే మొగ్గుతాను.

ఇక మీ ఇంటికి ట్రేడ్ కన్నా పెద్ద చిక్కు వీసా. హెచ్-4 మీద జీతం తీసుకోకూడదు. క్లబ్బే పీ-1కు (క్రీడాకారుల వీసా) దరఖాస్తు చేయాలి. సీజన్ మధ్యలో ట్రేడ్ అయితే పాత అనుమతి 30 రోజులే చెల్లుతుంది. ఆలోగా కొత్త టీమ్ ఐ-129 (యజమాని వేసే వీసా దరఖాస్తు ఫారం) పంపాలి, లేకపోతే ఆడే హక్కు ఆగిపోతుంది. ఫోన్ వచ్చిన రోజే ఏజెంటును అడగాల్సిన మొదటి మాట ఇది. కాలేజీకి పంపినా 21 నిండేలోపు ఎఫ్-1కు (విద్యార్థి వీసా) మారడం గురించి ఇమిగ్రేషన్ లాయరుతో ఇప్పుడే మాట్లాడండి.

ఈలోగా చెయ్యి కాపాడుకోవాలి. 17, 18 ఏళ్లవాళ్లు రోజుకు 105 పిచ్‌లు (బ్యాటర్‌కు విసిరే బంతులు) దాటకూడదు. స్కూలు టీమ్, వారాంతపు క్లబ్ టీమ్ రెండింటి లెక్కా ఒకే కాగితం మీద రాయండి. ఎవరి కోచ్ వాళ్ల లెక్కే చూస్తాడు, మధ్యలో పాడయ్యేది మోచేయి.