పైకప్పు చూపని లేపాక్షి యాత్ర

పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ప్రశ్న: సంపాదకులకు నమస్కారం. మాది హిందూపురం. ముప్పై రెండేళ్లు ప్రభుత్వ పాఠశాలలో సాంఘిక శాస్త్రం బోధించి పదవీ విరమణ చేశాను. ఒక తెలుగు ఛానల్‌లో వచ్చే యాత్రా కార్యక్రమం మా లేపాక్షికి వస్తోందని వారం రోజులపాటు ప్రోమోలు వేస్తుంటే, సంతోషంతో వీధిలోని పిల్లలను కూడా ఇంటికి పిలిచి టీవీ ముందు కూర్చోబెట్టాను. అరగంట కార్యక్రమంలో ఏడెనిమిది నిమిషాలు, నేలకు పూర్తిగా ఆనని వేలాడే స్తంభం కింద తువ్వాలు దూర్చడానికే సరిపోయింది. యాంకర్ ఒకసారి దూర్చాడు, తర్వాత అక్కడికి వచ్చిన భక్తుల చేత దూర్పించాడు, మళ్లీ తనే దూర్చాడు. ఆ తర్వాత నందీశ్వరుడి ముందు సెల్ఫీ, ఒక హోటల్లో భోజనం, అంతటితో సరి. మండపం పైకప్పు మీది చిత్రాలను ఒక్క క్షణం కూడా చూపలేదు. ‘మాస్టారూ, బొమ్మలు ఎప్పుడొస్తాయి?’ అని ఒక పిల్లవాడు చివరిదాకా అడుగుతూనే ఉన్నాడు. పైగా ఆలయాన్ని శ్రీకృష్ణదేవరాయలు కట్టించాడని చెప్పారు. నేనే అతిగా ఆశించానా?

సమాధానం: మాస్టారూ, మీరు అతిగా ఆశించలేదు. లేపాక్షిదాకా వెళ్లి ఆ పైకప్పు చూడకుండా రావడం, తిరుపతిదాకా వెళ్లి కొండ ఎక్కకుండా తిరిగి రావడం లాంటిది.

ముందుగా ఆ పొరపాటును సరిచేద్దాం, ఎందుకంటే మీ ఇంట్లో కూర్చున్న పిల్లలు దానినే నిజమని నమ్మే ప్రమాదం ఉంది. వీరభద్రాలయాన్ని ఇప్పుడు మనం చూస్తున్న రూపానికి తెచ్చినవారు విరూపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు. పెనుకొండ కేంద్రంగా విజయనగర ప్రభువుల కొలువులో పనిచేసిన అధికారులు వారు. అప్పుడు సింహాసనం మీద ఉన్నది కృష్ణదేవరాయల తర్వాత 1529లో రాజ్యానికి వచ్చి 1542 వరకు ఏలిన ఆయన సోదరుడు అచ్యుతదేవరాయలు. పెద్ద పేరు ఒకటి తగిలిస్తే చూసేవారికి సులువుగా ఉంటుందని ఛానల్ వారు అనుకొని ఉండవచ్చు. కాని ఆ ఒక్క పేరు మార్చడంతో కట్టించినవారి కథ మొత్తం కనుమరుగైంది. ఆ కథ ఆలయం కప్పు మీదే ఉంది. దాదాపు ఇరవై నాలుగు అడుగుల పొడవు, పద్నాలుగు అడుగుల వెడల్పున గీసిన వీరభద్రుడి చిత్రంలో, ఆ అన్నదమ్ములే చేతులు జోడించి నిలబడి ఉంటారు. యాంకర్ తల పైకెత్తి ఉంటే కట్టించినది ఎవరో ఆ కప్పే ఆయనకు చెప్పి ఉండేది.

ఇక ఆయన చూపకుండా వదిలేసిన సంపద సంగతి. ఎర్రమట్టి రంగు నేపథ్యం మీద, నల్లని గీతతో, సున్నం తెలుపు, పసుపుపచ్చ కలిపి వేసిన ఆ చిత్రాలలో నీలం దాదాపుగా కనిపించదు. పార్వతీ కల్యాణం ఉంది. వటపత్రశాయి ఉన్నాడు. రథచక్రం కింద దూడను పోగొట్టుకున్న ఆవుకు న్యాయం చేసిన మనునీతి చోళుడి కథ ఉంది. అన్నిటికంటే నాకు ఇష్టమైనది, అడవిపంది కోసం కిరాతుడి వేషంలోని శివుడికి, అర్జునుడికి పోరు జరిగిన కిరాతార్జునీయం పట్టిక. అందులోని అడవిపంది మెడ మీద వెంట్రుకలు నిక్కబొడుచుకొని, దూకబోయే ముందు ఒళ్లు కూడదీసుకొన్న ఆ క్షణంలో, నాలుగున్నర శతాబ్దాలకు పైగా అలాగే ఆగి ఉంది. ఆ స్త్రీల చీరల అంచులను, వాటి మీది గీతలను, చతురస్రాలను, పువ్వులను చూస్తే మన నేతగాళ్లకు లేపాక్షి పేరుతో ఒక డిజైన్ల భండారమే ఎందుకు ఏర్పడిందో అర్థమవుతుంది. ఆ పురుషుల తలల మీది పొడవాటి కుళ్లాయిలను చూస్తే విజయనగర దర్బారు ఎలా ఉండేదో పాఠ్యపుస్తకం చెప్పలేనంత స్పష్టంగా తెలుస్తుంది. ఇంత ఉన్నందువల్లనే వీరభద్రాలయాన్ని, ఏకశిలా నందిని కలిపి, విజయనగర శిల్ప చిత్రకళా సంప్రదాయానికి ప్రతినిధిగా 2022లో, ప్రపంచ వారసత్వ గుర్తింపు కోరే స్థలాల యునెస్కో తాత్కాలిక జాబితాలో చేర్చారు.

మరి ఎందుకు చూపలేదు? చాలా ఏళ్ల క్రితం నేనూ ఒక ఛానల్ యాత్రా కార్యక్రమానికి కొంతకాలం స్క్రిప్టు రాశాను కనుక ఈ ప్రశ్నకు నాకు తెలిసిన సమాధానం చెబుతాను. ఒక్కో ఊరికి ఒకటిన్నర రోజు ఇచ్చేవారు, అందులో సగం ప్రయాణానికే పోయేది. పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడంలో చిత్రీకరించాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి, రుసుము కట్టాలి. చీకటిగా ఉండే మండపంలో కప్పును చూపడానికి లైట్లు కావాలంటే అది మరో తంటా. స్తంభానికి ఒక తువ్వాలు చాలు. అయితే అసలు కారణం డబ్బు, సమయం మాత్రమే కాదని నా అభిప్రాయం. స్తంభం కింద తువ్వాలు దూర్చేటప్పుడు యాంకర్ ముఖం ఫ్రేములో ఉంటుంది. నంది ముందు ఉంటుంది, హోటల్లో అరిటాకు ముందు ఉంటుంది. పైకప్పును చూపాలంటే కెమెరా పైకి తిరగాలి, అప్పుడు యాంకర్ ఫ్రేములోంచి తప్పుకోవాలి. నేను పనిచేసినచోట ఎడిటింగ్ గదిలో నిర్మాత పదేపదే అడిగిన ప్రశ్న ఒకటే: ‘మనవాడు ఎక్కడ?’ మనవాడు లేని షాట్ నాలుగు సెకన్లు దాటితే కత్తిరించేవారు. నాలుగు సెకన్లలో ఆ అడవిపందిని ఎవరు చూడగలరు?

వేలాడే స్తంభాన్ని చూపడం తప్పని నేను అనను. పిల్లలకు అది ఆశ్చర్యం కలిగిస్తుంది, ఆ ఆశ్చర్యం మంచిదే. కాని ఆ ఆశ్చర్యం నుంచి వారిని ఎక్కడికి తీసుకెళ్లాలో తెలిసినవారినే మనం యాత్రకు మార్గదర్శి అంటాం. అదే మండపంలో, ఆ స్తంభం దగ్గర నిలబడినచోటనే తల పైకెత్తితే చాలు.

ఒక మాట మాత్రం మీకు కాదు గాని, ఇదే కార్యక్రమం గురించి నాకు రాసిన మరికొందరికి చెప్పాలి. యాంకర్ రూపాన్ని, యాసను, ఊరిని ఎత్తిచూపుతూ వచ్చిన ఉత్తరాలను నేను ప్రచురించడం లేదు. ఆయన చేతిలో పెట్టిన కాగితం మీద కృష్ణదేవరాయలని రాసి ఉంటే ఆయన అదే చదివి ఉంటాడు. ఆయన చేయాల్సినది చేయలేదని అడగడం మన హక్కు, ఆయన ఎలా ఉన్నాడన్నది మన విషయం కాదు.

మీరు మాత్రం ఛానల్‌కు తప్పక ఉత్తరం రాయండి. కోపంతో కాదు, వివరాలతో రాయండి: ఏ తేదీ, ఏ సమయం, ఏ మాట తప్పు, సరైనది ఏది. దూరదర్శన్‌లో మన సంస్కృతిని చూపే ‘సురభి’ కార్యక్రమం వచ్చిన రోజుల్లో చూసేవారి కార్డులు ఎంత వెల్లువగా వచ్చేవంటే, పోటీలకు పంపే కార్డుల కోసం తపాలా శాఖ ప్రత్యేకంగా రెండు రూపాయల కార్డు తీసుకురావాల్సి వచ్చింది. ఆ కార్యక్రమం వారు ప్రేక్షకుల కార్డులను స్టూడియోలో గుట్టలుగా పోసి, వాటి మధ్య కూర్చొని మాట్లాడేవారు. ఉత్తరం రాసే ప్రేక్షకుడు ఉన్నాడని తెలిస్తే కార్యక్రమం చేసేవారి జాగ్రత్త వేరుగా ఉంటుంది.

ప్రశ్న: నిజామాబాదు నుంచి రాస్తున్నాను, గృహిణిని. ఒక యాత్రా కార్యక్రమంలో అరకు దగ్గర ఒక రిసార్టును యాంకరమ్మ ఎంతగానో మెచ్చుకొంటే, డిసెంబరులో మా అత్తయ్యగారితో సహా ఏడుగురం వెళ్లాం. వేడినీళ్లు లేవు, టీవీలో చూపిన లోయ మా గదిలోంచి కనబడలేదు, అద్దె మాత్రం చెప్పినదానికి దాదాపు రెట్టింపు. ఇంటికి వచ్చాక ఆ ఎపిసోడ్ మళ్లీ చూస్తే చివర్లో చిన్న అక్షరాలతో ఆ రిసార్టుకు కృతజ్ఞతలు అని వేశారు. ఇది మోసం కాదా?

సమాధానం: అమ్మా, ఆ చిన్న అక్షరాలను మీరు పట్టుకొన్నారు, చాలామంది అక్కడిదాకా చూడరు. బృందానికి ఉచితంగా గదులు, భోజనం ఇచ్చి, బదులుగా కార్యక్రమంలో మంచి మాటలు పొందడం ఈ రంగంలో చాలాకాలంగా ఉన్న అలవాటు. మీ విషయంలో అదే జరిగిందో లేదో నేను తేల్చలేను, కాని అడిగే హక్కు మీకు ఉంది, జవాబు చెప్పాల్సిన బాధ్యత వారికి ఉంది.

కేబుల్ టెలివిజన్ నెట్‌వర్కుల నియమాలు, 1994 ప్రకారం ప్రకటన ప్రకటనగా స్పష్టంగా తెలియాలి, కార్యక్రమంలో కలిసిపోకూడదు. 2021లో వాటిని సవరించి మూడంచెల ఫిర్యాదు పద్ధతి తెచ్చారు. మొదట ఛానల్‌కే రాయాలి. అది అందినట్టు ఇరవై నాలుగు గంటల్లో తెలపాలి, పదిహేను రోజుల్లో నిర్ణయం చెప్పాలి. చెప్పకపోయినా, చెప్పినది మీకు సరిపడకపోయినా, మరో పదిహేను రోజుల్లోగా ఆ ఛానల్ సభ్యత్వం ఉన్న స్వీయ నియంత్రణ సంస్థకు వెళ్లవచ్చు. ఆ పైన కేంద్ర ప్రభుత్వ యంత్రాంగం ఉంది. డబ్బు గాని, ఉచిత బస గాని పుచ్చుకొని మెచ్చుకొనేవారు ఆ సంబంధాన్ని బయటపెట్టాలని 2022లో వచ్చిన వినియోగదారుల రక్షణ మార్గదర్శకాలు కూడా చెబుతున్నాయి. అద్దె విషయంలో రిసార్టు మీద ఫిర్యాదు వేరుగా చేయాలి, దానికి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, రశీదు దగ్గర పెట్టుకోండి. కార్యక్రమం నచ్చకపోవడం మాత్రం ఈ నియమాల కిందికి రాదు, కనుక మీ ఫిర్యాదును ఆ దాచిన సంబంధం మీదనే నిలపండి.

మీ ఉత్తరం చదువుతుంటే నాకు ఏనుగుల వీరాస్వామయ్యగారు గుర్తొచ్చారు. మద్రాసు సుప్రీంకోర్టులో పనిచేసిన ఆయన 1830 మే నెలలో పరివారంతో కాశీకి బయలుదేరి, మరుసటి ఏడాది సెప్టెంబరులో తిరిగి చేరారు. దారి పొడవునా మద్రాసులోని మిత్రుడికి రాసిన విషయాలే 1838లో కాశీయాత్ర చరిత్రగా అచ్చయ్యాయి. ఏ మజిలీలో నీళ్లు బాగుంటాయి, ఎక్కడ అంగళ్లు ఉన్నాయి, ఎక్కడ దిగడానికి తావు లేదు, ఏ దారి రాళ్లదారి, ఇవన్నీ ఉన్నది ఉన్నట్టు రాశారు. తర్వాత వచ్చేవాడు ఇబ్బంది పడకూడదన్న తలంపు ఆ పేజీలలో అంతటా కనిపిస్తుంది. యాత్ర గురించి తెలుగులో నోరు విప్పే ప్రతివారి మీదా ఆయన పెట్టిపోయిన బాధ్యత అది. వేడినీళ్లు వస్తాయా అని యాంకరమ్మ ఒక్కసారి కొళాయి తిప్పి చూసి ఉంటే మీ అత్తయ్యగారు డిసెంబరు చలిలో చన్నీళ్లు పోసుకొని ఉండేవారు కాదు.

ప్రశ్న: మేము డాలస్‌లో ఉంటాం. పిల్లలకు తెలుగు అలవాటు కావాలని యాత్రా కార్యక్రమాలు పెడతాం. కాని యాంకర్లు గుడి చూసినా, జలపాతం చూసినా, పులిహోర తిన్నా ‘వావ్, సూపర్’ తప్ప మరో మాట అనరు. ఈ సంక్రాంతికి ఇండియా వచ్చి లేపాక్షి చూపించాలనుకుంటున్నాం. ఏం చేయమంటారు?

సమాధానం: అన్ని వింతలకూ ఒకే మాట వాడితే పిల్లలకు ఏదీ వింతగా అనిపించదు. రంగమండపం, పట్టిక, అంచు, కుళ్లాయి, పడగ, గిట్ట, మూపురం లాంటి మాటలు వస్తువును చూస్తూ వింటే పిల్లల నోట వెంటనే నిలుస్తాయి. ఇరవై ఏడు అడుగుల పొడవున్న నంది మెడలోని గంటల దండను చూపుతూ ‘గంట’ అనండి, ఆ మాటను వారు మరిచిపోరు.

కప్పును చూడటానికి మెడ ఎత్తి ఎత్తి పిల్లలు అలసిపోతారు కనుక, ఒక్కొక్కరికీ అరచేతి అంత అద్దం ఇవ్వండి, దానిని బొడ్డు దగ్గర పట్టుకొని చూస్తూ మెల్లగా నడిస్తే చిత్రాలు అందులోకి దిగి వస్తాయి. ఫ్లాష్ వేయవద్దు, అది రంగులకు మంచిది కాదు. ఉదయం వెలుగు మండపంలోకి వచ్చే వేళకు వెళ్లండి. ముందు అడవిపందిని వెతకమనండి. దొరికాక అన్నదమ్ములిద్దరినీ వెతకమనండి. తువ్వాలు తర్వాత దూర్చవచ్చు.